ఓబుళరెడ్డి ఇంట్లో రెండు ముద్దల సంగటి

నేను ఊళ్ళు చూడటానికి పోలేదు. నన్ను నేను చూపించుకోవడానికి పోయాను. కర్నూలు నుంచి కడప దాకా మూడు రోజులు, మే నెల ఎండలో, ఒక్కదాన్నే. పోయి వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే ఉన్నాను కాబట్టి ఇందులో కొండలూ కోటలూ ఆశించవద్దు. గండికోటకు దారి చూపించే బోర్డు పక్క నుంచే బస్సు పోయింది, తల తిప్పి కూడా చూడలేదు. ఎక్కడ బాత్రూమ్ ఉందో వెతుక్కుంటూ పోయే మనిషికి కోటలేం కనబడతాయి?

ముందు నా సంగతి చెప్పాలి. పేరు రూతమ్మ, వయసు నలభై ఏడు. పుట్టింది ఆత్మకూరు దగ్గర, ఇప్పుడు కర్నూల్లో హైస్కూలు టీచరును. తొమ్మిది నెలల కిందట హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు నూట ఇరవై ఒక్క కిలోలు, ఇప్పుడు డెబ్బై తొమ్మిది. పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు, మిగిలింది ఒక చిన్న అరటిపండంత. నాలుగు ముద్దలకే నిండిపోతుంది. ప్రతి ముద్దా జావ అయ్యేదాకా నమలాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తీపి జోలికి పోకూడదు. ఇవన్నీ మరిచి ఒక్క ముద్ద గబుక్కున మింగానా, అది ఎదురురొమ్ము వెనకాల ఇరుక్కుంటుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు, నోట్లో నురగ ఊరుతూనే ఉంటుంది. ఇంట్లో అయితే బాత్రూమ్ తలుపు వేసుకుంటాను. పదిమందిలో అయితే ఏం చేయాలి? ఆ భయానికే తొమ్మిది నెలలుగా పెళ్ళిళ్ళు మానేశాను, చర్చిలో ప్రేమవిందులకు కూడా కూర్చోలేదు.

అట్లాంటి నాకు లక్ష్మీదేవి ఫోన్ చేసింది. బీఎడ్ చదివేటప్పుడు హాస్టల్లో మాదొకే గది. ఆమెను ప్రొద్దుటూరు అవతల ఒక ఊరికి, పసుపూ వేరుశనగా పండించే ఓబుళరెడ్డికి ఇచ్చారు. ఆయనను నేను మొదటి నుంచీ అన్నా అంటాను, అందుకే వాళ్ళ కూతురు భార్గవికి అత్తనయ్యాను. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళు, నూట ముప్పై కిలోలు దాటింది. షుగరు వచ్చేసింది. పడుకుంటే ఊపిరి ఆగిపోతుందని కుర్చీలో కూర్చునే నిద్రపోతుంది. డాక్టర్లు ఆపరేషన్ చేయించమన్నారు, పిల్ల చేయించుకుంటానంది, తండ్రి మాత్రం వద్దంటే వద్దన్నాడు.

"ఎంత చెప్పినా వినలేదుమే రూతూ," అంది లక్ష్మీదేవి. "చేయించుకున్న మనిషిని నేను కండ్లారా సూడాల, నా ఇంట్లో కూచోని నా ముందర సంగటి తినాల, అప్పుడు ఊ అంటా అంటాండాడు. నువ్వొచ్చి ఒక్క పూట తినేసి పోమ్మే. నీకు దండం పెడతా."

ఒక్క పూట తినేసి పోవడం! బతికున్న మనుషుల్లో ఇంత చిన్న సాయం ఇంకొకరు అడిగి ఉండరు. నాకు మాత్రం ఆ రోజు నుంచి దిగులు పట్టుకుంది.

కర్నూలు బస్టాండు

మా ఆయన తోడొస్తానన్నాడు. వద్దన్నాను. మొగుడు చెయ్యి పట్టుకుని దిగితే, "చూడు, ఒంటరిగా రాలేకపోయింది" అంటారు. దూరం ఒక్క రోజులో పోయేదే అయినా, నాకున్న ధైర్యానికి దాన్ని ముక్కలు చేసుకున్నాను. మొదటి రోజు బనగానపల్లె దాకా.

బస్సులో ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. చూపించాను. కండక్టరు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఏమ్మా, ఇది మీ అక్కదా?"

"నాదే అప్పా. సన్నబడినాను."

"ఇంతగానమా?"

అంతే, బస్సంతా నా వైపు తిరిగింది. గడ్డం కింద పుట్టుమచ్చ చూపించాను, ఫోటోలోనూ అది ఉంది. కండక్టరు మంచివాడు, నవ్వి సున్నా టికెట్టు చేతిలో పెట్టి పోయాడు. పోనిది వెనక సీటు ఆమె.

"ఏం జబ్బు తల్లీ? షుగరా?"

"కాదమ్మా."

"మరి టీబీనా?"

ఆపరేషన్ అని చెబుదామని నోటిదాకా వచ్చింది. పొట్ట కోయించుకున్నానంటే ఆ తర్వాత వచ్చే పది ప్రశ్నలు తలుచుకుని నోరు మూసుకున్నాను. నేను మాట్లాడకపోయేసరికి నా పక్కన బిడ్డనెత్తుకుని కూర్చున్న అమ్మాయి, పాపం, బిడ్డ మొహాన్ని అటువైపుకు తిప్పుకుంది. లావుగా ఉన్నప్పుడు నా పక్కన చోటు లేదని కూర్చునేవాళ్ళు కాదు. ఇప్పుడు చోటుంది, రోగముందేమోనని జరుగుతారు. ఏడవాలో నవ్వాలో తెలియక కిటికీలోంచి ఓర్వకల్లు బండలు చూస్తూ కూర్చున్నాను.

బనగానపల్లె

మే నెలలో బనగానపల్లెలో దిగి మామిడిపండు తినకుండా పోయిన మనిషి ఉండడు. నేను ఉందామనుకున్నాను. రోడ్డు పక్కన గోనెపట్టా కింద బుట్టలు పెట్టుకుని అరవై ఏళ్ళ బీబమ్మ ఒకామె కూర్చుంది. డజను మూడు వందల యాభై అంది. ఉండబట్టలేక, రాత్రి పడకకు చోటిచ్చిన మా చర్చి వాళ్ళ ఇంటికి ఒక డజను తీసుకుపోదామని వంగాను. ఆమె కత్తితో ఒక పండు చీరి ముక్క చేతిలో పెట్టింది.

కర్నూల్లో మేము తినేవి బండ్ల మీద మగ్గినవి. ఇది చెట్టు దిగి రెండు రోజులు కాలేదు. ఒక ముక్క తిన్నాను, నమిలి నమిలి. రెండోది తిన్నాను. మూడోది ఎందుకు తిన్నానో ఆ దేవునికే తెలియాలి.

పది నిమిషాలు కాలేదు, గుండె దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా చెమట, చేతులు చల్లగా అయిపోయాయి, కాళ్ళల్లో బలం లేదు. తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే ఇట్లా అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు, ప్రాణానికేం కాదని కూడా చెప్పాడు. చెప్పడం వేరు, నడిరోడ్డులో అనుభవించడం వేరు. ఇక్కడే పడి చచ్చిపోతానని గట్టిగా నమ్మాను. మా ఆయనకు ఎవరు ఫోన్ చేస్తారు, వీళ్ళకు నెంబరెట్లా తెలుస్తుంది అని కూడా ఆలోచించాను.

బీబమ్మ లేచి నన్ను తన గోనెసంచి మీద కూర్చోబెట్టి, మామిడి పెట్టె అట్టముక్కతో విసిరింది. "యా అల్లా, ఎండదెబ్బ గాని తగిలిందా బిడ్డా? ఈడ కూచో. యాడికీ పోవద్దు."

అరగంటకు గుండె కుదుటపడింది. ఆమె అంతసేపూ బేరాలు వదులుకుని విసురుతూనే ఉంది. ఎందుకో ఆమెకు నిజం చెప్పేశాను. అంతా విని, విసరడం ఆపి, నోరు తెరిచి నా వైపు చూసింది.

"అంటే, తినకుండా ఉండేదానికి దుడ్లిచ్చినావా?"

"అవును."

"దుడ్లు లేక మేము ఊరికేనే తినకుండా ఉంటాం గదమ్మా!" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పళ్ళు బుట్టలో సర్ది, తిన్న పండును లెక్కలో వేయకుండా డజను పూర్తిగా ఇచ్చింది. ఎంత చెప్పినా దాని డబ్బులు తీసుకోలేదు.

నవ్వు అక్కడితో సరి. చర్చి వాళ్ళ ఇంట్లో పడుకున్నానే గాని నా లెక్క నాకు తేలిపోయింది. మూడు ముక్కల పండే ఇంత పని చేస్తే రేపు సంగటి ఏం చేస్తుంది? పొద్దున్నే మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "వచ్చెయ్, నీకెందుకు ఆ గొడవ?" అన్నాడు. నా గుణం నాకు తెలుసు. ఆయన పోవే అని ఉంటే తిరిగి కర్నూలు బస్సెక్కి ఉండేదాన్ని. వచ్చెయ్ అన్నాడు కాబట్టి జమ్మలమడుగు బస్సెక్కాను.

జమ్మలమడుగు దారి

సంగటి గురించి తెలియనివాళ్ళకు ఇక్కడ చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. బియ్యం ఉడుకుతుండగా రాగిపిండి వేసి, గెలికి, పిడికెడంత ముద్దలు చేస్తారు. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు. వేళ్ళతో తుంచి, పులుసులో అద్ది, గొంతులోకి జార్చడమే. నమలకూడదు. ఎక్కడా రాసి పెట్టింది కాదు గాని, నమిలితే పంటికి అతుక్కుంటుంది, రుచి పోతుంది, చూసేవాళ్ళు నవ్వుతారు. మా సీమలో పసిబిడ్డకు అడుగులు వేయడం నేర్పినట్టే సంగటి మింగడం నేర్పుతారు. నాకు మా అమ్మ నేర్పింది. ప్రపంచంలో నాకిప్పుడు చేయకూడని పని ఏదైనా ఉందంటే అదే, నమలకుండా మింగడం. ఓబుళరెడ్డి అన్న చూడాలనుకున్నదీ అదే.

కర్నూల్లో మాకు జొన్నరొట్టె ఎక్కువ. రొట్టె నమలక తప్పదు కాబట్టి ఇన్నాళ్ళూ గండం గడిచింది. కోవెలకుంట్ల దాటి, నల్లరేగడి చేలు అటూ ఇటూ బీటలు వారి పడి ఉన్న దారిలో బస్సు పోతుంటే, పక్కనున్న ఆమె ఉడకబెట్టిన చెనిక్కాయలు దోసెడు నా ఒళ్ళో పోసింది. పేరు అడగకుండానే, ఊరు అడగకుండానే పోసింది. మా వైపు కూడా పెడతారు గాని ముందు ఎవరి పిల్లవని అడిగి పెడతారు.

"తినుమ్మా, సిగ్గెందుకు? శానా చిక్కిపోయినావు."

తిన్నట్టు నటిస్తూ ఒక్కొక్కటే సంచిలోకి జారవిడిచాను. దిగేటప్పుడు ఆమె నా సంచి వైపు చూసి, నా మొహం చూసి దిగిపోయింది. ఇట్లా ఎంతమంది మంచివాళ్ళ మనసు కష్టపెట్టానో ఈ తొమ్మిది నెలల్లో.

జమ్మలమడుగు బస్టాండులో నిమ్మసోడా ఇరవై రూపాయలు. గ్యాసు ఉన్నవి తాగకూడదు, చూసి ఊరుకున్నాను. సీసాలోని నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతూ ప్రొద్దుటూరు చేరాను. అక్కడి నుంచి ఆటో.

ఓబుళరెడ్డి ఇల్లు

ఆ ఊరి పేరు రాయను. ఆ పిల్ల ఇంకా అక్కడే బతకాలి.

గుమ్మంలో లక్ష్మీదేవి నన్ను దాటి నా వెనక్కి చూసింది, రూతమ్మ ఎక్కడా అని. "నేనే," అన్నాను. అప్పుడు నా రెండు భుజాలూ పట్టుకుని, ఎముకలు తడిమి, ఏడ్చేసింది.

ఆ ఇంటికి నేను రావడం రెండోసారి. ఇరవై ఏళ్ళ కిందట వచ్చినప్పుడు వసారాలోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. ఈసారి నడింట్లో చాప పరిచారు. అది చూసి సంతోషపడాల్సిన దాన్ని, ఇంకా భయపడ్డాను. ఇదే నడింట్లో నాకు కక్కొస్తే?

భార్గవి కుర్చీలో కూర్చుని ఉంది, చెక్కతో ప్రత్యేకంగా చేయించిన వెడల్పాటి కుర్చీ. చక్కటి మొహం, పెద్ద కళ్ళు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. ఆ ఊపిరి నాకు తెలుసు, ఏడాది కిందట నాదీ అదే.

"అత్తా, నొప్పి శానా ఉండిండెనా?" అని గుసగుసగా అడిగింది. నేను జవాబు చెప్పేలోపు వాళ్ళ నాయన వచ్చాడు.

ఓబుళరెడ్డి అన్న ఎక్కువ మాట్లాడడు. "బాగుండావా రూతమ్మా?" అని నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. లక్ష్మీదేవికి ఫోన్లోనే చెప్పాను, మెత్తటి పెరుగన్నమూ ఒక గుడ్డూ చాలని. వాళ్ళత్త ఒప్పుకోలేదట. ఎనభై ఏళ్ళ అవ్వ ఆమె. "ఇంటికొచ్చిన మనిషికి గుడ్డు పెట్టి పంపుతారామే?" అని నాటుకోడి కోయించింది. కంచంలో సంగటి ముద్ద, గుంటలో నెయ్యి, పక్కన పులుసు.

చిటికెనవేలంత తుంచి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై దాకా పోవాలి.

అవ్వ కంచం పక్కకే వచ్చి వంగి చూసింది. "ఏందమ్మా, సంగటి నమలతాండావు?"

"ఆమె అట్లనే తినాలత్తా. డాక్టరు చెప్పినాడు," అంది లక్ష్మీదేవి.

"సంగటి నమలమని చెప్పిన డాక్టరు యాడోడుమే? సంగటి తిని ఎరుగునా వాడు?" అవ్వ నవ్వింది. భార్గవి కూడా నవ్వింది. ఓబుళరెడ్డి అన్న నవ్వలేదు. నా దవడనే చూస్తున్నాడు. ఆయన మొహంలో ఏదో మూసుకుపోతోంది, కళ్ళారా చూస్తున్నాను.

"కష్టమైతే వద్దులేమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ మాటతో నా పని అయిపోయింది. ఆయన వద్దన్నది నన్ను కాదు, కూతురి ఆపరేషన్‌ను. ఇంత దూరం వచ్చి, ఈ పిల్లను ఈ కుర్చీలోనే వదిలేసి పోతానా అనిపించింది. ఒక ముద్ద తుంచి, పులుసులో అద్ది, మింగాను.

జారిపోయింది. ఏమీ కాలేదు! నెయ్యి, కోడిపులుసు, మా అమ్మ చేతి రుచి. మళ్ళీ మనుషుల్లో పడ్డాననిపించింది. నా తెలివి ఏమైపోయిందో గాని చెయ్యి దానంతట అదే రెండో ముద్ద తుంచింది, మొదటి దానికంటే పెద్దది. మింగేశాను.

ఇరుక్కుంది.

రొమ్ము వెనకాల రాయి పెట్టి నొక్కినట్టు నొప్పి. నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి, మింగితే దిగడం లేదు. నవ్వుతూ కూర్చున్నాను. అవ్వకు ఏం కనబడిందో, "ఎక్కిళ్ళొచ్చేటట్లుండాయి, నీళ్ళు తాగు" అని చెంబు నోటిదాకా తెచ్చింది. నీళ్ళు తాగితే అవి పైన నిలిచి ఒక్కసారిగా బయటికొస్తాయి. చెంబు పక్కకు తోశాను. చూపు మసకబారింది. ఈ చాప మీద, ఈ నడింట్లో మాత్రం వద్దు దేవా అనుకున్నాను. అంతే, లేచి పెరటి వైపు పరుగు తీశాను.

బట్టలుతికే జాలాడి దగ్గర వంగి కక్కాను. మూడుసార్లు. నురగ, తర్వాత ముద్ద ముద్దగానే సంగటి. గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే, తలుపు దగ్గర భార్గవి కనిపించింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ, నాకోసం వస్తోంది. అంతా అయిపోయాక గాని నా దగ్గరికి చేరలేకపోయింది. ఆయాసంతో మాట రాక కాసేపు నిలబడింది.

"అత్తా, నాయనకు చెప్పొద్దు," అంది. "పొరబోయి దగ్గొచ్చిందని చెప్తాం. నేను నీళ్ళు పోసి కడిగేస్తా. నీకు దండం పెడతా అత్తా."

తల్లి ఫోన్లో అన్న మాటే కూతురు అంది. మగ్గు అందుకోవడానికి వంగబోయి, వంగలేక ఆగిపోయింది. నేనే నీళ్ళు పోసి కడిగాను. ఆ మాటకు ఒప్పుకుందామనే అనుకున్నాను, మీ దగ్గర దాచను. చిన్న అబద్ధం, పిల్ల బతుకు బాగుపడుతుంది. కాని రేపు ఈ పిల్ల కోత తర్వాత మొదటిసారి ఇట్లా కక్కినప్పుడు, అత్తకు కాలేదే నాకెందుకయిందని హడలి చస్తుంది కదా. ఆ భయం నాకు తెలుసు. నేను మొదటిసారి కక్కిన రోజు కుట్లు తెగిపోయాయనుకుని తెల్లార్లూ ఏడ్చాను. నాకెవరూ ముందు చెప్పలేదు.

లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాను.

"అన్నా, బయట కక్కొచ్చినాను," అన్నాను.

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని చెప్పుకుంటూ పోయాను. "తప్పు నాదే, నమలకుండా మింగినా. ఇట్ల నెలకు రెండు మూడుసార్లయినా అయితాది. తల వెంట్రుకలు సగం ఊడిపోయినాయి, ఇది సవరం. కంచం ముందర కూచున్న ప్రతిసారీ భయమే. నిన్న మామిడిపండు తిని రోడ్డు మీద పడిపోబోయినా. బస్సులో నాకు టీబీ అనుకున్నారు. పాపకు చేయించమనీ నేను చెప్పలేను, వద్దనీ చెప్పలేను, అది డాక్టర్లు చెప్పాల. నేనూ ఏడాది కిందటిదాకా కుర్చీలోనే నిద్రపోయేదాన్ని. ఇప్పుడు పడుకుంటాండా. నాకు తెలిసింది ఇంతే."

ఓబుళరెడ్డి అన్న కంచంలో సగం సంగటి అట్లాగే ఉంది. ఆ ఇంట్లో కంచంలో వదిలి లేవడం ఎవరూ చూసి ఉండరు. లేచాడు, చెయ్యి కడుక్కున్నాడు, టువాలు భుజాన వేసుకుని పొలం వైపు వెళ్ళిపోయాడు.

లక్ష్మీదేవి నా మీద విరుచుకుపడింది. "దగ్గంటే సరిపోయిండె గదమే! నీ సత్యం పాడుగాను! ఇప్పుడు ఆ మనిషి ఊ అంటాడా? నా బిడ్డను సంపేసినావుమే." తర్వాత నాతో మాట్లాడలేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు, ఆమె అన్నదే నేనూ అనుకుంటున్నాను. ఆ సాయంత్రమే పోదామంటే బస్సు లేదు. భార్గవి కుర్చీలో అటు తిరిగి కూర్చుంది.

కడప

పొద్దున్నే ఓబుళరెడ్డి అన్న కారు బయటికి తీశాడు. "కడపలో దించుతా, ఆడినుంచి కర్నూలుకు సుఖంగా పోవచ్చు," అన్నాడు. భార్గవి కూడా వస్తానని ముందు సీట్లో కూర్చుంది. లక్ష్మీదేవి గుమ్మం దాటి రాలేదు. మైదుకూరు దాటేదాకా నేను మనసులో ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను, దేనికని అడిగితే చెప్పలేను.

కడపలో ఒక దోసెల బండి దగ్గర ఆపాడు. కారందోసె నలభై రూపాయలు, ఎర్రకారం పూసి పైన పప్పులపొడి చల్లుతారు. మా కర్నూల్లో పొద్దున ఉగ్గాని, బజ్జీ. ఇక్కడ దోసెకు కారం పూయనిదే దోసె కాదు. భార్గవి కారు దిగలేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలు ఆమెకు ఆగవు, ఒకసారి విరిగి పదిమందిలో పడిందట. అందుకని మేమిద్దరం ప్లేట్లు పట్టుకుని ఆమె కిటికీ పక్కనే నిలబడ్డాం. నేను దోసెలో కారం లేని అంచు తుంచి నమలడం మొదలుపెట్టాను.

"నిదానంగా నములు," అన్నాడు ఓబుళరెడ్డి అన్న. కారుకు ఆనుకుని, నన్ను చూడకుండా మాట్లాడాడు. "నిన్న నువ్వు ఎంత తింటావో సూద్దామనే కూచున్న్యా రూతమ్మా. నువ్వు నమిలేది సూసి నా మనసు ఇరిగిపాయ. ఇదేం బతుకు, నా బిడ్డకొద్దు అనుకున్న్యా. అంతలో నువ్వు లేస్తివి."

ప్లేటు కారు మీద పెట్టాడు.

"కిందినుంచి, చెయ్యి ఊనకుండా, ఎవురినీ పట్టుకోకుండా లేస్తివి. లేసి పరిగెత్తితివి. కక్కేదానికే పో, పరిగెత్తితివి గదా తల్లీ! నీ యెనకాల నా బిడ్డ వచ్చింది. నడింట్లోనుంచి జాలాడికి పదిహేనడుగులు లేవు. నేను ఆడనే కూచోని సూస్తాండా, పోతానే ఉంది, పోతానే ఉంది. నాకు కూడు దిగలా. పొలం కాడికి పోయి ఏడిసినా."

కిటికీలో భార్గవి ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"పంపిస్తా," అన్నాడు. "ఏమన్నా అయితే మాత్రం డాక్టరును అడగను. నిన్నే అడుగుతా."

"అడుగన్నా," అన్నాను. ఇంకేం అనగలను? సంతోషం రావాలి కదా, రాలేదు. భయమే వచ్చింది.

భార్గవి కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, ఇదంతా తెలిసి కూడా, మళ్ళీ చేయించుకోమంటే చేయించుకుంటావా?"

"చేయించుకుంటా. మళ్ళీ ఇంతే భయపడతా."

"అయితే నువ్వు నా పక్కన ఉండాల," అంది.

తిరిగి కర్నూలు

జూన్ మూడో వారంలో ఆపరేషన్ అని లక్ష్మీదేవి నిన్న ఫోన్ చేసింది. కోపం పోయినట్టుంది, నన్ను మళ్ళీ రూతూ అంది. నా ఆపరేషన్ కాగితాల మీద రెండో ఆలోచన లేకుండా సంతకం పెట్టేశాను. పోతే నేనే కదా పోయేది అనుకున్నాను. ఈ పొద్దు హెడ్మాస్టరుకు మూడు రోజుల సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాను. కారణం అన్న చోట మేనకోడలి ఆపరేషన్ అని రాయాలి. ఆ రెండు మాటలు రాయడానికి మూడుసార్లు కలం కింద పెట్టాను.